నెపోలియన్ పలుకని మాట

క్రిందటి సంవత్సరము కోతపండుగ ఆరాధన ముగిసి, జనులు మందిరపు వాకిట చెప్పులు వెదకుకొనుచుండగా, ఇంటరు చదువుచున్న ఒక కుర్రవాడు నా యొద్దకు వచ్చి నిలిచెను. చేతిలో చిన్న నోటుపుస్తకమును కలమును ఉన్నవి.

“అయ్యగారూ, ఇందాక నెపోలియన్ అన్నాడని చెప్పారు గదండీ, ఆ మాట ఏ పుస్తకంలో ఉందండీ? మా కాలేజీలో వక్తృత్వపు పోటీ ఉంది. ఎవరి మాటైనా చెబితే పుస్తకం పేరు కూడా చెప్పాలన్నారు.”

“చరిత్ర గ్రంథాల్లో ఉంది బాబూ” అని చెప్పి, కానుకల లెక్క చూచు నెపముతో నేను లోపలికి వెళ్లితిని. ఏ చరిత్ర గ్రంథములో ఉన్నదో నాకు తెలియదు. తెలియదను సంగతి ఇరువది యెనిమిది సంవత్సరములలో ఆనాడే మొదటిసారి నా మనస్సునకు తట్టెను.

ఆ మాట మీలో అనేకులు వినియే యుందురు. ఓడిపోయి, ద్వీపాంతరవాసమునకు పంపబడిన నెపోలియన్ చక్రవర్తి ఒకనాడు తన సేనాపతితో మాటలాడుచు, అలెగ్జాండరును, సీజరును, తానును బలము మీద రాజ్యములు కట్టితిమనియు, యేసుక్రీస్తు ఒక్కడే ప్రేమ మీద కట్టెననియు, తమ రాజ్యములు కూలినవి గాని ఆయన కొరకు ప్రాణమిచ్చువారు నేటికిని లక్షలమంది యున్నారనియు చెప్పినట్లు మనము ప్రసంగములలో వినుచుందుము. నేను సెమినరీలో చదువుకొన్న దినములలో మా ఉపాధ్యాయులు ఒకరు దృష్టాంతములు వ్రాయించిరి. ఆ పుస్తకము ఇంకను నా యొద్ద నున్నది, అట్ట చినిగిపోయినది. దానిలో పదునేడవ దృష్టాంతము ఇది. ఈస్టరు నాడు చెప్పితిని, కన్వెన్షనులలో చెప్పితిని, ఒకసారి సమాధి కార్యక్రమములో కూడ చెప్పితిని. ఫ్రాన్సు దేశము ఎక్కడ నున్నదో తెలియని వృద్ధ స్త్రీలు సైతము నెపోలియన్ సాక్ష్యమును ఎరుగుదురు. అందులో నా వంతు కొంత కలదు.

ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. పందొమ్మిది సంవత్సరముల క్రిందట నేను వేరొక పాస్టరేటులో నుండగా, చదువుకొని విశ్వాసము వదలివేసిన ఒక యౌవనుడు తల్లికి టార్చిలైటు పట్టుకొని రాత్రి కూటమునకు వచ్చెను. లోపలికి రాలేదు, కిటికీ యొద్ద నిలిచియుండెను. ఆ రాత్రి నేను ఈ నెపోలియన్ మాట చెప్పితిని. అంతటి చక్రవర్తి అంత మాట అన్నాడా అని ఆలోచించుట అక్కడ మొదలైనదని ఆయన తరువాత అనేకసార్లు సాక్ష్యమిచ్చెను. ఇప్పుడు ఆయన ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు, సంఘ పెద్ద, సండేస్కూలు నడుపువాడు.

కనుక కుర్రవాని ప్రశ్న నన్ను రెండు విధముల కుట్టెను.

తరువాతి నెలలో పాస్టర్ల కూటములకు మా సెమినరీ పట్టణమునకు వెళ్లవలసి వచ్చినది. కూటములు మూడు దినములు. నేను మరి నాలుగు దినములు నిలిచి గ్రంథాలయములో కూర్చుంటిని. ఈ వయస్సులో సన్నని అక్షరములు చదువుట కష్టమే గాని, చదువనారంభించిన తరువాత భోజనపు గంట కూడ వినబడలేదు.

మొదట ఆ ద్వీపమును గూర్చి నాలుగు మాటలు. సెయింట్ హెలీనా ఆఫ్రికా ఖండపు తీరమునకు దాదాపు 1,900 కిలోమీటర్ల దూరమున, అట్లాంటిక్ సముద్రము నడుమ నున్న చిన్న రాతి ద్వీపము. ఆ దినములలో అది మన దేశమును ఏలిన ఈస్టిండియా కంపెనీ వారిది. మన రేవుల నుండి ఇంగ్లాండునకు తిరిగిపోవు ఓడలు నీటి కొరకు అక్కడ ఆగుచుండెడివి. 1803లో అస్సాయి యొద్ద మరాఠా సైన్యమును జయించిన ఆర్థర్ వెల్లెస్లీ 1805లో స్వదేశమునకు పోవుచు ఆ ద్వీపములో బ్రయర్స్ అను ఇంట బస చేసెను. పది సంవత్సరముల తరువాత, 1815 జూన్ 18న, ఆయనే వాటర్లూ యొద్ద నెపోలియన్‌ను ఓడించెను. అక్టోబరులో ఖైదీగా ద్వీపము చేరిన నెపోలియన్ లాంగ్‌వుడ్ ఇల్లు సిద్ధమగు వరకు దాదాపు రెండు నెలలు ఆ బ్రయర్స్‌లోనే ఉండెను. గెలిచినవాడును ఓడినవాడును ఒక్క చూరు క్రింద!

డిసెంబరు 10న లాంగ్‌వుడ్ చేరెను. 1821 మే 5న అక్కడనే మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 51. నేను ఆ వయస్సును దాటితిని. ఆయన యూరపు నంతటిని ఎక్కి దిగి ముగించిన యేండ్లకు నేను రెండు మందిరములకు పైకప్పు వేయించితిని, అందులో ఒకటి ఇంకను కారుచున్నది.

లాంగ్‌వుడ్‌లో ఎలుకలు మెండు, తేమ మెండు, తగాదాలు అంతకన్న మెండు. గవర్నరు హడ్సన్ లో ఆయనను జనరల్ బోనపార్టు అని పిలుచును. చక్రవర్తి అనవలెనని ఈయన పట్టు. ఆ పిలుపు లేని ఉత్తరమును పుచ్చుకొనడు. వెంట వచ్చిన బెర్ట్రాన్, మోన్తొలోన్, గూర్గో, లాస్ కాజ్ అను వారు ఆయన యెదుట గంటల తరబడి నిలువబడియే యుండవలెను. వారిలో వారికి ఎవరు ఆయనకు దగ్గర అను అసూయ. గూర్గో ఒకసారి మోన్తొలోన్‌ను ద్వంద్వయుద్ధమునకు పిలుచువరకు పోయెను. రాజ్యము లేదు, సేన లేదు, మర్యాద పంతము మాత్రము మిగిలినది. మన సంఘ కమిటీలలో కుర్చీ వరుసను గూర్చి జరుగు పోట్లాటలు నాకు అక్కడ అనేకసార్లు జ్ఞాపకమునకు వచ్చినవి.

అయితే ఆ నలుగురును ఆయన నోట వచ్చిన మాటలు వ్రాసికొనుచుండిరి. లాస్ కాజ్‌ను 1816 చివర ద్వీపము నుండి పంపివేసిరి. ఆయన గ్రంథము 1823లో వెలువడెను. ఓమీరా అను ఐర్లాండు దేశపు వైద్యుని గ్రంథము 1822లోనే వచ్చెను. గూర్గో దినచర్య 1899 వరకు అచ్చు కాలేదు. బెర్ట్రాన్ వ్రాసికొన్న పుస్తకములు 1949 తరువాత గాని లోకము చూడలేదు.

మన మాట ఎక్కడ? లాస్ కాజ్ గ్రంథములో లేదు. ఓమీరా గ్రంథములో లేదు. అది వచ్చినది బోటెర్న్ అను ఫ్రెంచి భక్తుడు 1840 ప్రాంతమున ప్రచురించిన చిన్న గ్రంథములో నుండి. నెపోలియన్ మరణించి అప్పటికి దాదాపు ఇరువది యేండ్లు. బోటెర్న్ సెయింట్ హెలీనాలో ఆయనతో ఉన్నవాడు కాడు. మోన్తొలోన్ మొదలగువారి వలన విని కూర్చితినని ఆయన చెప్పెను. అందులోని నెపోలియన్ బెర్ట్రాన్‌కు దీర్ఘమైన ఉపన్యాసములు చేయును. మొదట, రెండవది, కడపట అని విభాగములు చేసి చెప్పుట మన ప్రసంగికుల పద్ధతియే గాని యుద్ధశాలలో పెరిగినవాని పద్ధతి కాదు. ఆ గ్రంథము ఇంగ్లీషులోనికి వచ్చి, కరపత్రములలోనికి వచ్చి, ఉపదేశకుల పుస్తకములలోనికి వచ్చి, కడకు నా పదునేడవ దృష్టాంతమైనది.

గూర్గో దినచర్యలో మతమును గూర్చి ఆయన మాటలాడిన చోట్లు అనేకములు కలవు. అవి అధికముగా సందేహపు మాటలు. ఒకనాడు ఒక తీరు, మరియొకనాడు మరియొక తీరు. మరణశాసనములో మాత్రము తాను రోమన్ సంఘములో పుట్టి అందులోనే చనిపోవుచున్నానని వ్రాయించెను. విన్యాలి అను గురువు ఆయనకు అవసాన అభ్యంగనము చేసెను. ఆ మాట వరకు చదివి నేను సంతోషపడితిని. అయితే కొద్ది దినములకే ఆ శాసనమునకు అనుబంధము వ్రాయించి, వెల్లింగ్టన్‌ను, అనగా ఆ వెల్లెస్లీనే, కాల్చబోయెనన్న నేరము మీద విచారింపబడి విడుదలైన కాన్తిలోన్ అనువానికి 10,000 ఫ్రాంకులు ఇప్పించెను. చనిపోవుచు శత్రువును చంపబోయినవాడనబడిన వానికి బహుమానము. ప్రేమ మీద కట్టబడిన రాజ్యమును గూర్చి అంత చక్కగా మాటలాడినవాడు చేయు పని కాదే అని పుస్తకము మూసి కిటికీలో నుండి చూచుచు కూర్చుంటిని.

ఆ మాటలో ఆయన నోటి తునకలు కొన్ని ఉన్నవేమో. ఆయన క్రీస్తును గూర్చి ఎన్నడును మంచి మాట చెప్పలేదని నేను అనను. కాని చక్రవర్తి చెప్పెనని ప్రమాణపూర్వకముగా బలిపీఠము యొద్ద నిలువబడి చెప్పదగిన రుజువు దానికి లేదు. దేవుని పక్షము వహించుటకై అబద్ధము చెప్పుదురా అని యోబు తన స్నేహితులను అడిగెను గదా. ఆ స్నేహితుల వరుసలో నేనును కూర్చుంటినని తోచెను.

ప్రియ చదువరులారా, ఇంతటితో నేను ఇంటికి రావలసినది. కాని లాస్ కాజ్ గ్రంథములో నేను వెదకనివి రెండు దొరికినవి. అవి నన్ను వదలలేదు.

మొదటిది ఒక కుక్క కథ. ఇటలీలో యుద్ధము చేసిన తొలి దినములలో, ఒక గొప్ప పోరాటము ముగిసిన రాత్రి, వెన్నెలలో నెపోలియన్ రణరంగము మీదుగా పోవుచుండెను. శవములను ఇంకను ఎత్తలేదు. ఒక శవము కప్పుకొన్న అంగీ క్రింద నుండి కుక్క ఒకటి వీరి మీదికి దూకి, వెంటనే తిరిగి వెళ్లి, యజమానుని ముఖము నాకుచు ఏడ్చెను. మరల వీరి మీదికి వచ్చెను, మరల వెళ్లెను. సహాయము అడుగుచున్నదో పగ తీర్చుకొనజూచుచున్నదో తెలియకుండెను. నెపోలియన్ నిలిచిపోయెను. ఈ మనుష్యునికి దండులో స్నేహితులుండవచ్చును, వారందరు విడిచిపోయిరి, కుక్క మాత్రము విడువలేదు అనుకొనెను. అనేక సంవత్సరముల తరువాత ద్వీపములో ఈ సంగతి చెప్పుచు, ఏ రణరంగములోను ఏదియు తన మనస్సును ఇంతగా తాకలేదనెను. సైన్యముల గతి తేల్చు యుద్ధములకు చలనము లేక ఆజ్ఞ ఇచ్చితిననియు, తనవారు వేలమంది చావనున్న కదలికలను తడి లేని కండ్లతో చూచితిననియు, ఒక కుక్క యేడ్పుకు కదలిపోతిననియు ఆయనే ఆశ్చర్యపడెను. ఆ క్షణమున శత్రువు ఎవడైనను వచ్చి బతిమాలుకొనియుండిన, మామూలుకన్న సులభముగా మెత్తబడియుందునని కూడ ఒప్పుకొనెను.

మనుష్యుడనువాడు ఏమి అని ఆయన అడిగికొన్నది అక్కడ. ఆ ప్రశ్న నిజమైనదని నేను నమ్ముచున్నాను. ఎందుకనగా అది ఆయనకు ఘనత తెచ్చునది కాదు.

మా ఊరిలో ఒక విశ్రాంత సైనికుడు కలడు. డెబ్బది యైదు దాటినవాడు. సుబేదారుగారని అందరు పిలుతురు. 1971 యుద్ధములో ఉండెను. యుద్ధమును గూర్చి ఎన్నడును మాటలాడడు. గణతంత్ర దినమున బడి పిల్లలకు నాలుగు మాటలు చెప్పుమనినను జెండాకు వందనము చేసి కూర్చుండును. నేను తిరిగివచ్చిన వారములో ఆయన యింటికి ప్రార్థనకు వెళ్లి, మాటల మీద ఈ కుక్క కథ చెప్పితిని. ఆయన గేదెకు గడ్డి వేయుచు వినెను. చాలసేపు ఊరకుండెను.

“డెబ్బయ్యొకటి డిసెంబరు, అయ్యగారూ. తూర్పు పాకిస్తాను సరిహద్దు. రాత్రి షెల్లింగులో ఒక గేదె కాలు పోయింది. తెల్లవార్లూ అరిచింది. మా ప్లటూనులో ఒక కుర్రాడు ఏడ్చేశాడు. వెళ్లి కాల్చేసి వస్తాను, భరించలేను అని లేచాడు. హవల్దారు చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. అవతల పక్క మనుషులు కూడా మూలుగుతున్నారండీ. అదీ మాకు వినబడుతూనే ఉంది. దాని గురించి మాత్రం ఎవరమూ ఒక్క మాట అనుకోలేదు.”

“ఎందుకంటారు?”

“గేదె మనదీ కాదు, వాళ్లదీ కాదు గదండీ.”

తరువాత ఆయన చేతులు కడుగుకొని వచ్చి అడిగెను: “ఆ కుక్కను చూశాక నెపోలియన్ యుద్ధాలు మానేశాడా అండీ?”

“లేదు. ఇంకా పద్దెనిమిది, పందొమ్మిదేళ్లు చేశాడు.”

“మరి!” అని మాత్రము అనెను.

చేసెను. 1799లో యాఫా పట్టణమున లొంగిపోయిన ఖైదీలను వేలకొలదిగా సముద్రతీరమున చంపించెను. ఆ సంగతి అడుగగా ద్వీపములో ఓమీరాతో, వారు తిరిగి ఆయుధము పట్టమని ఇచ్చిన మాట తప్పిరనియు, చంపబడినవారు అంతమంది కారనియు సమాధానము చెప్పెను. 1812 జూన్‌లో నేమన్ నది దాటి రష్యా మీదికి నడిపిన సేన దాదాపు 6 లక్షలు. డిసెంబరు నాటికి మంచులో ఆకలితో, రోగముతో, శత్రువు చేతితో హతమైనవారు పోగా లక్ష లోపుగా తిరిగివచ్చిరి. ఆ నాశనమును ప్రజలకు తెలుపుచు ఆయన వ్రాయించిన ప్రకటన చివరి వాక్యములో చక్రవర్తి ఆరోగ్యము మునుపెన్నడును ఇంత బాగుగా లేదని యున్నది. ఆయన శత్రువులు చెప్పిన కఠినమైన మాటలు కొన్ని కలవు. వాటిని నేను ప్రక్కన పెట్టితిని, శత్రువుల సాక్ష్యము గనుక. ఇది ఆయన స్వంత ప్రకటన. ఇక అధికారమును గూర్చి, సంగీత విద్వాంసుడు తన ఫిడేలును ప్రేమించినట్లు తాను అధికారమును ప్రేమించుచున్నానని ఆయన అన్నట్లు రోడెరెర్ అను ఆయన మంత్రాలోచకుడు వ్రాసిపెట్టెను. ఫిడేలు తీగలు ఎవరి నరములో ఆయన చెప్పలేదు.

కుక్క కథ చదువుచుండగా నాకు దావీదు గుర్తుకు వచ్చెను. ఊరియాను చంపించు ఉత్తరమును ఊరియా చేతికే ఇచ్చి పంపిన రాజు ఆ రాత్రి నిద్రపోయినట్లే యున్నది. అయితే నాతాను వచ్చి ఒక బీదవాని గొఱ్ఱెపిల్లను గూర్చి చెప్పగానే కోపముతో లేచెను. సుబేదారుగారు చెప్పినదే అక్కడను జరిగినది. గొఱ్ఱెపిల్ల ఎవరికిని శత్రువు కాదు, దానిని గూర్చి జాలిపడుటకు రాజు ఏమియు విడువనక్కరలేదు. నేను ఈ భాగము మీద ఎన్ని పర్యాయములు ప్రసంగించితినో లెక్క లేదు. రాజు కోపము ఎంత నీతిగలదో అని మెచ్చుకొనుచు చెప్పెడివాడను. అది చౌకగా వచ్చిన నీతియని ఒక గేదె కథ విన్న తరువాత గాని నాకు తెలియలేదు. నాతాను గొఱ్ఱెపిల్లతో ఆగలేదు, వ్రేలు ఎత్తి రాజు వైపు చూపెను. లాంగ్‌వుడ్‌లో నలుగురు కలములు పట్టుకొని కూర్చుండిరి గాని వ్రేలు ఎత్తువాడు లేడు. యాఫాను గూర్చి అడిగిన వైద్యుడు కూడ సమాధానమును శ్రద్ధగా వ్రాసికొనెను.

రెండవది టోబీ కథ. బ్రయర్స్ తోటలో టోబీ అను ముసలి బానిస పని చేయుచుండెను. మలయా దేశపువాడు. చాల యేండ్ల క్రిందట ఒక ఆంగ్ల ఓడవారు అతనిని మోసపుచ్చి, ఎత్తుకొనిపోయి, ఆ ద్వీపములో అమ్మివేసిరి. నెపోలియన్ ప్రతిదినము తోటలో నడుచుచు అతనిని మాటలాడించెడివాడు. భార్య ఎవరు, పిల్లలెవరు, ఎట్లు వచ్చితివి అని అడిగెడివాడు. ముసలివాడు పార మీద ఆనుకొని నవ్వుచు జవాబు చెప్పెడివాడు. అతనిని కొని విడిపించి స్వదేశమునకు పంపవలెనని నెపోలియన్ ఆలోచించి ఇంటి యజమానుని అడిగించెను, ప్రభుత్వమువారు ఒప్పలేదు.

ఒకనాడు టోబీని విడిచి నడచుచు ఆయన లాస్ కాజ్‌తో, ఈ మానవయంత్రము ఎంత చిత్రమైనది, ఏ ఇద్దరి లోపలయు ఒకటిగా నుండదు అనెను. ఈ టోబీయే బ్రూటస్ అయినయెడల ప్రాణము తీసికొనియుండును, ఈసపు అయినయెడల ఈపాటికి గవర్నరునకు ఆలోచన చెప్పువాడైయుండును, భక్తి రగిలిన క్రైస్తవుడైనయెడల తన సంకెళ్లను దేవుని యెదుట మోసి వాటిని దీవించియుండును, పాపము ఈ టోబీ ఇవన్నియు తలపోయక వంగి పని చేసికొనుచున్నాడు అని చెప్పెను. వీనిని ఇంటివారి నుండి, పుట్టిన నేల నుండి లాగివేయుట ఘోరమైన పాపమనియు అనెను.

క్రైస్తవుడైనయెడల సంకెళ్లను దీవించునట! చదివి నేను కుర్చీలో కదలితిని. మనలను గూర్చి లోకము అనుకొనునది అదే. ఆ మాట మనకు మెప్పుగా కూడ వినబడును. దానిని దృష్టాంతముగా వ్రాసికొనిన బాగుండును కదా అని ఒక్క నిమిషము చేయి కలము వైపు పోయిన మాట నిజము. పాతికేండ్ల అలవాటు! టోబీ వంగి త్రవ్వుచు ఏమి తలచుచున్నాడో చక్రవర్తికి ఎట్లు తెలిసెను? ఊరి కూలివాండ్రను గూర్చి మనము గట్టు మీద నిలిచి అనుమాటలు ఈ తీరుననే యుండును.

పైగా ఆ మాటాడినవాడెవడు? 1802 మే నెలలో ఫ్రెంచి ద్వీపములలో బానిసత్వమును చట్టముచేత తిరిగి నిలిపినవాడు. సాన్ డొమింగోలో బానిసలను స్వతంత్రులుగా నడిపించిన తూసాన్ లూవెర్తూర్‌ను పట్టి తెప్పించి, జూరా కొండలలోని జూ కోటలో పెట్టించినవాడు. వెచ్చని ద్వీపమున పుట్టిన ఆ మనుష్యుడు ఆ చలిలో 1803 ఏప్రిల్ 7న చనిపోయెను. సెయింట్ హెలీనాలో నెపోలియన్ ఆ దండయాత్ర తన గొప్ప తప్పిదములలో ఒకటియని ఒప్పుకొనెను. తూసాన్ ద్వారానే ఆ ద్వీపమును ఏలవలసినదనెను. తప్పిదమనెను గాని పాపమనలేదు. ఆ పెద్ద మాటను టోబీని అమ్మిన ఓడవారి కొరకు ఉంచెను. ఒక్క టోబీని చూచి కరగినవాడు తాను సంతకము చేసిన చట్టము క్రింద నున్న లక్షల టోబీలను చూడలేదు. వారు ఆయన తోటలో త్రవ్వలేదు గనుక.

ఇది చదివిన తరువాత ఇంటికి వచ్చి చేసిన పనులు తిన్నగా చేసితినని చెప్పలేను. మొదట మాష్టారుగారి యొద్దకు వెళ్లవలెనని ఎరుగుదును. రెండు బస్సులు మారవలెనని, పరీక్షల కాలమని, అల్లుడు వచ్చెనని రెండు నెలలు జరిపితిని. కడకు ఒక శనివారము వెళ్లితిని. ఆయన వాకిట పరీక్ష పేపర్లు దిద్దుకొనుచుండెను. నేను సంగతి మొదటి నుండి చెప్పితిని. ఎర్ర కలము మూతపెట్టి విని, చాలసేపటికి,

“అయితే పందొమ్మిదేళ్లుగా నేను నిలబడింది అబద్ధం మీదనా అండీ?” అని అడిగెను.

నా యొద్ద జవాబు లేదు. వచ్చునప్పుడు బస్సులో నాలుగైదు జవాబులు కూర్చుకొంటిని గాని, ఆ ముఖము చూచిన తరువాత ఒకటియు నోటికి రాలేదు. లోపలి నుండి ఆయన తల్లి, ఎనుబది దాటిన మనిషి, బియ్యము చెరుగుచు పలికెను:

“ఆ రాత్రి టార్చిలైటు పట్టుకు రమ్మన్నది నేను. నెపోలియన్ కాదు.”

మేమిద్దరము నవ్వితిమి. కాని మాష్టారుగారు ఆ నవ్వుతో సరిపెట్టుకొనలేదు. “నన్ను మీరు మోసం చేశారనను. మిమ్మల్నీ ఎవరో మోసం చేశారు. కాని ఈ మాట చెప్పి నేను ఎంతమంది పిల్లలను కూర్చోబెట్టానో మీకు తెలియదు” అనెను. తరువాత, “నిజంగా ఏమన్నాడో అది చెప్పండి” అనెను. కుక్కను గూర్చియు టోబీని గూర్చియు చెప్పితిని. టోబీ కథను పాత ప్రశ్నపత్రము వెనుక వ్రాసికొనెను. చక్రవర్తి లాంగ్‌వుడ్‌కు పోయెననియు, టోబీ బ్రయర్స్ తోటలోనే బానిసగా మిగిలెననియు చెప్పినప్పుడు ఆయన కలము ఆగెను. భోజనము చేసి పొమ్మని ఆయన ఆ దినము అడుగలేదు. తల్లి అడిగెను, తింటిని.

మరునాడు మా మందిరములో ప్రకటనల వేళ లేచి, నెపోలియన్ చెప్పెనని ఇన్ని సంవత్సరములుగా నేను చెప్పిన మాటకు రుజువు లేదనియు, తెలిసికొనకయే చెప్పితిననియు, క్షమించవలెననియు అంటిని. రెండు నిమిషములు పట్టెను. ముందు వరుసలోని పెద్దలు ఏదో కానుకల సంగతి యనుకొని తల ఊపిరి. సుబేదారుగారు మాత్రము తల ఎత్తి చూచెను. మరియొక పెద్ద ఆరాధన పిమ్మట దగ్గరకు వచ్చి, “మంచి మాటే గదండీ అయ్యగారూ, ఎవరన్నా ఏముంది? ఉంచుకుంటే పోయేది” అనెను. మంచి మాటయే. క్రీస్తు రాజ్యమునకు చక్రవర్తి సంతకము కావలెనని మనకు ఎందుకు తోచినదో, దానిని గూర్చి ఆయనతో మాటలాడవలెను. ఇంకను మాటలాడలేదు.

చక్రవర్తిని లోయలో ఊట ప్రక్కన పాతిపెట్టినప్పుడు, రాతి మీద నెపోలియన్ అని మాత్రమే ఉండవలెనని ఫ్రెంచివారును, బోనపార్టు అని కూడ చెక్కవలెనని గవర్నరును పట్టుపట్టగా, కడకు ఏమియు చెక్కలేదు. 1840లో దేహమును పారిస్‌కు తీసికొనిపోవు వరకు ఆ రాయి వట్టి రాయిగానే యుండెను.

ఇక ఆ కుర్రవాడు. ఆ ఆదివారము అతడు వెనుక వరుసలో నుండెను. జనులు పోయిన తరువాత వచ్చెను. పోటీ ఎప్పుడో జరిగిపోయినదట. ఆ మాట చెప్పెనట. పుస్తకము పేరు అడుగగా మా అయ్యగారు చరిత్ర గ్రంథాల్లో ఉందన్నారని చెప్పెనట. రెండవ బహుమానము వచ్చెనట. సంచిలో నుండి గడియారము తీసి చూపెను. గోడకు తగిలించునది, ఇంకను కవరు విప్పలేదు.

“ఇది తిరిగి ఇచ్చేయాలా అండీ?” అని అడిగెను.

“నువ్వు ఇవ్వనక్కరలేదు. తప్పు నాది” అంటిని.

“అయితే మీరు వచ్చి చెబుతారా అండీ?”

సోమవారము ఉదయము ఎనిమిది గంటల బస్సుకు ఇద్దరము ఎక్కితిమి. గడియారము అతని ఒడిలో నుండెను.